కౌంటీ కోర్టులో దొరకని దివాలా కాగితాలు: డాలస్ చుట్టుపక్కల ఎక్కడ వెతకాలి, ఎలా తెప్పించుకోవాలి

"అన్నా, ఫలానా ఆయన దివాలా తీశాడంట. కాలిన్ కౌంటీలో రికార్డు ఎక్కడ చూడాలి?" నెలకు ఒక్కసారైనా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అడిగే కారణాలు వేరు. ఒకరు చేబదులు ఇచ్చి ఇరుక్కుంటారు, ఇంకొకరి చీటీ డబ్బు ఆగిపోతుంది. గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌నర్‌గా చేరబోయే ముందు చూసుకుందామనుకునేవాళ్లు కొందరు. ఇంటి లోన్ కోసం తమ సొంత పాత కాగితాలు కావాల్సినవాళ్లే అందరికన్నా ఎక్కువ. అందరూ మొదట చేసే పని మాత్రం ఒకటే. మెకిన్నీలోని కౌంటీ ఆఫీసుకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు.

తప్పు వాళ్లది కాదు, అలవాటుది. మన ఊళ్లలో "ఐపీ పెట్టాడు" అంటాం. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అది జిల్లాలోని సివిల్ కోర్టులోనే వేస్తారు. అమెరికాలో దివాలా పూర్తిగా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ కోర్టుల వ్యవహారం, కౌంటీ కోర్టుకు ఆ కేసు వినే అధికారమే లేదు. ఒక్కోసారి ఇంటి దస్తావేజుల రికార్డులో దివాలా కోర్టు ఆర్డర్ కాపీ ఒకటి కనపడుతుంది గానీ, కేసు ఫైలు మాత్రం అక్కడ ఉండదు.

నేను లాయర్ని కాను. నాకోసం, తెలిసినవాళ్ల కోసం వెతికి వెతికి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కేసులో ఏం చేయాలన్న సలహాకు మాత్రం లాయర్ దగ్గరికే వెళ్లండి.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ మనిషి పూర్తి పేరు, వీలైనన్ని స్పెల్లింగులతో. కంపెనీ అయితే రిజిస్టర్ చేసిన పేరు, బోర్డు మీది పేరు రెండూ.
- కేసు వేసిన సంవత్సరం, సుమారుగా అయినా సరే.
- అప్పట్లో ఉన్న అడ్రస్. ఇప్పటి అడ్రస్ కాదు.
- మీ సొంత కేసే అయితే సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి నాలుగు అంకెలు.
- క్రెడిట్ కార్డు, ఈమెయిల్, కంప్యూటర్. ఫోన్ తెర మీద కూడా అవుతుంది గానీ కళ్లు పోతాయి.

మీ కేసు నంబర్ పోగొట్టుకున్నారా? ముందు మీ ఉచిత క్రెడిట్ రిపోర్టు తీయండి. చాప్టర్ 7 (ఉన్న ఆస్తి అమ్మి కట్టగలిగినంత కట్టి, మిగతా అప్పులు మాఫీ చేయించుకునే దివాలా రకం) అందులో 10 ఏళ్ల దాకా కనపడుతుంది. కోర్టు పేరు, కేసు నంబర్ దాంట్లోనే దొరుకుతాయి.

1. కౌంటీ ఏ డిస్ట్రిక్ట్‌లోకి వస్తుందో తెలుసుకోండి

ఫెడరల్ కోర్టులకు దేశాన్ని 94 డిస్ట్రిక్ట్‌లుగా విడగొట్టారు. టెక్సాస్‌లో నాలుగు ఉన్నాయి: నార్తర్న్, సదరన్, ఈస్టర్న్, వెస్టర్న్. డాలస్ చుట్టూ ఉండే మనవాళ్లు తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే డిస్ట్రిక్ట్ గీత మన ఇళ్ల మధ్య నుంచే పోతుంది.

కాలిన్, డెంటన్ కౌంటీలు ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తాయి. అంటే ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, అలెన్ వైపు కేసులన్నీ అక్కడివే. ఈ దివాలా కోర్టుకు ప్లేనోలో నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద, 660 నంబర్ భవనంలో ఆఫీసు ఉంది. డాలస్ కౌంటీ, అంటే అర్వింగ్, కొపెల్ వైపు, నార్తర్న్ డిస్ట్రిక్ట్. ఆఫీసు డాలస్ డౌన్‌టౌన్‌లో 1100 కామర్స్ స్ట్రీట్, ఎర్ల్ కాబెల్ ఫెడరల్ బిల్డింగ్‌లో. టారంట్ కౌంటీ కూడా నార్తర్నే, కాకపోతే ఫోర్ట్‌వర్త్ డివిజన్.

వేరే చోట ఉన్నవాళ్లు యూఎస్ కోర్ట్స్ అధికారిక సైట్‌లోని కోర్ట్ లొకేటర్‌లో చూసుకోండి. న్యూజెర్సీ వాళ్లకు ఈ బాధ లేదు, రాష్ట్రం మొత్తానికీ ఒకటే డిస్ట్రిక్ట్. శాంటా క్లారా కౌంటీ నార్తర్న్ కాలిఫోర్నియా కిందికి, అట్లాంటా దగ్గరి ఫోర్‌సైత్ కౌంటీ నార్తర్న్ జార్జియా కిందికి వస్తాయి.

హెచ్చరికలు రెండు. మొదటిది: కేసు వేసే ముందు 180 రోజుల్లో ఎక్కువ కాలం ఎక్కడున్నారన్నది కోర్టును నిర్ణయిస్తుంది. అర్వింగ్ నుంచి ఫ్రిస్కోకు మారి రెండు నెలలకే కేసు వేసినాయన ఫైలు డాలస్‌లో ఉండొచ్చు. రెండోది: పెద్ద కంపెనీలు సొంత ఊళ్లోనే కేసు వేస్తాయన్న నమ్మకం లేదు. జేసీపెన్నీ హెడ్డాఫీసు ప్లేనోలోనే ఉండేది, 2020 మేలో దివాలా కేసు వేసింది మాత్రం సదరన్ డిస్ట్రిక్ట్‌లో. బైజూస్ వాళ్ల అమెరికా కంపెనీ బైజూస్ ఆల్ఫా కేసు 2024లో డెలావేర్‌లో పడింది. కంపెనీల విషయంలో మీ కౌంటీతో మొదలుపెట్టకుండా నేరుగా దేశమంతా వెతకండి. ఎలాగో నాలుగో మెట్టులో ఉంది.

2. పైసా ఖర్చు లేకుండా ముందు ఫోన్ చేయండి

866-222-8029. దివాలా కోర్టుల టోల్‌ఫ్రీ ఆటోమేటెడ్ లైన్ ఇది, రోజంతా పనిచేస్తుంది. కోర్టు ఎంచుకుని కేసు నంబరో, పేరో ఇస్తే కేసు ఎప్పుడు వేశారు, ఏ చాప్టర్, జడ్జి, ట్రస్టీ (కేసు లెక్కలు చూసే మనిషి), లాయర్ ఎవరు, డిశ్చార్జ్ (అప్పుల మాఫీ) అయిందా లేదా చదివి వినిపిస్తుంది. కాగితాలు రావు. నంబర్ ఉంటే రెండు నిమిషాల పని. పేరుతో అంటే మన పేర్లకు కాస్త ఓపిక కావాలి.

"కేసు ఉందా లేదా" అన్నది మాత్రమే తెలిస్తే చాలనుకునేవాళ్లకు చాలాసార్లు పని ఇక్కడితో అయిపోతుంది.

3. పేసర్ ఖాతా తెరవండి

ఫెడరల్ కోర్టుల రికార్డులు చూసుకునే అధికారిక సైట్ పేసర్. అడ్రస్ చివర "యూఎస్‌కోర్ట్స్ డాట్ గవ్" ఉందో లేదో చూసుకోండి. "కౌంటీ దివాలా రికార్డులు" అని గూగుల్‌లో కొడితే పైన వచ్చేవాటిలో చాలా వరకు ప్రైవేటు సైట్లు. ఇవే వివరాలకు ఎక్కువ డబ్బు గుంజుతాయి, పైగా నెలనెలా కార్డు మీద కోత పెట్టేవీ ఉన్నాయి.

రిజిస్టర్ అయ్యేటప్పుడు "కేస్ సెర్చ్ ఓన్లీ" రకం ఎంచుకోండి. లాయర్లు కాగితాలు ఫైల్ చేసే రకం మనకు అక్కర్లేదు. కార్డు వివరాలు ఇస్తే ఖాతా వెంటనే పనిచేస్తుంది. ఇవ్వకపోతే యాక్టివేషన్ కోడ్ పోస్టులో వచ్చేదాకా ఆగాలి.

ఖర్చు సంగతి వింటే టెన్షన్ తగ్గుతుంది. పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకు ఎన్ని పేజీలున్నా 3 డాలర్లు దాటదు. మూడు నెలల లెక్కలో మీ వాడకం 30 డాలర్లు మించకపోతే బిల్లే రాదు. ఒకటి రెండు కేసులు చూసుకునేవాళ్లలో చాలామందికి పైసా పడదు. పేరు వెతికిన ఫలితాలకు మాత్రం ఆ 3 డాలర్ల హద్దు లేదు. "ఏమీ దొరకలేదు" అని చెప్పినందుకు కూడా ఒక పేజీ డబ్బు లెక్కలో పడుతుంది.

4. పేరు వెతకండి, తొందర వద్దు

పేసర్‌లో "కేస్ లొకేటర్" అని దేశమంతటి సూచీ ఉంది. అందులో బ్యాంక్రప్సీ విభాగానికి వెళ్లండి. కోర్టు గ్యారంటీగా తెలిస్తే అది ఎంచుకోండి, తెలియకపోతే రాష్ట్రం. కంపెనీ అయితే దేశం మొత్తం పెట్టండి. ఈ సూచీని రోజుకోసారి సరిచేస్తారు. ఈరోజు వేసిన కేసు కావాలంటే ఆ కోర్టు సొంత సైట్‌లో చూడాలి.

అసలు కష్టం మన పేర్లతో. "లక్ష్మి"ని ఒకరు కె-ఎస్-హెచ్‌తో రాస్తే మరొకరు ఎక్స్‌తో రాస్తారు. "శ్రీ"కి ఎస్-ఆర్-ఐ, ఎస్-ఆర్-ఇ-ఇ, ఎస్-హెచ్-ఆర్-ఇ-ఇ అని మూడు దారులు. కొందరికి ఇంటిపేరు లాస్ట్ నేమ్, కొందరికి రెడ్డో రావో లాస్ట్ నేమ్, ఇంకొందరికి సొంత పేరే లాస్ట్ నేమ్ అయి కూర్చుంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవాళ్లకు ఫస్ట్ నేమ్ చోట ఎఫ్-ఎన్-యూ అని పడుతుంది, "ఫస్ట్ నేమ్ అన్‌నోన్" అని దానర్థం. కోర్టు కాగితాల్లోకీ అదే ఎక్కొచ్చు.

అందుకని ఈ వరసలో వెతకండి:

- లాస్ట్ నేమ్, ఫస్ట్ నేమ్ మామూలుగా ఒకసారి.
- రెండూ తారుమారు చేసి ఇంకోసారి.
- స్పెల్లింగ్ మార్చి మళ్లీ.
- లాస్ట్ నేమ్ అరుదైనదైతే అదొక్కటే, రాష్ట్రం హద్దు పెట్టి. రెడ్డి, రావు, కుమార్ లాంటివి ఒంటరిగా కొట్టకండి. పేజీలు పేజీలుగా ఫలితాలొచ్చి డబ్బు లెక్క పెరిగిపోతుంది.
- భార్య లేదా భర్త పేరుతో. జాయింట్ కేసైతే ఇద్దరి పేర్లూ సూచీలో ఉంటాయి.

మీ సొంత కేసైతే ఇంత తిప్పలు అక్కర్లేదు, లాస్ట్ నేమ్‌తో పాటు చివరి నాలుగు అంకెలు ఇస్తే చాలు.

కేసు నంబర్ చేతికొచ్చాక కోర్టు పేరు కూడా పక్కనే రాసుకోండి. సంవత్సరం రెండంకెలు, గీత, ఐదంకెలు: నంబర్ ఇలా ఉంటుంది. అదే నంబర్ వేరే డిస్ట్రిక్ట్‌లో ఇంకొకరిది కావచ్చు. ఈస్టర్న్ నంబర్ పట్టుకుని నార్తర్న్ కోర్టుకు ఫోన్ చేసి, "మా దగ్గర అది వేరేవాళ్లది" అనిపించుకున్నవాళ్లు ఉన్నారు.

5. అతనేనా? డాకెట్ పైభాగం చూసి తేల్చుకోండి

డాకెట్ అంటే కేసులో ఏ రోజు ఏ కాగితం పడిందో వరసగా రాసిన చిట్టా. అది తెరిస్తే పైన ఒక పెట్టెలో పేరు, అడ్రస్, అడ్రస్ కింద కౌంటీ పేరు (కాలిన్ అనో డెంటన్ అనో), సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు, మారుపేర్లు, వ్యాపారం పేర్లు ఉంటాయి. మీరు వెతికిన "కౌంటీ" పేరు కేసు ఫైలులో కనపడేది ఇక్కడే.

పేరు ఒక్కటే కలిస్తే నమ్మకండి. పేరుతో పాటు అడ్రస్, నాలుగంకెలు, భార్యాభర్తల పేరు, వ్యాపారం పేరు, వీటిలో కనీసం రెండు కలవాలి. నేనే ఒకసారి పేరు, ఊరు రెండూ కలిశాయని ముప్పై పేజీల షెడ్యూళ్లు (ఆస్తులు, అప్పులు, ఖర్చుల జాబితాలు) దించి, సగం చదివాక ఆయన కారు డీలరని తెలుసుకున్నాను. నాక్కావాల్సినాయన సాఫ్ట్‌వేర్. డబ్బు పోయింది సరే, సంబంధం లేని మనిషి ఇంట్లో ఎన్ని సోఫాలున్నాయో చదివినందుకు సిగ్గేసింది.

డాకెట్ పొడవుగా ఉంటే తారీఖుల హద్దు పెట్టి తెరవండి.

6. అవసరమైన కాగితాలే దించుకోండి

*ఇంటి లోన్ కోసం, మీ సొంత కేసు:* పిటిషన్, షెడ్యూళ్లన్నీ, డిశ్చార్జ్ ఆర్డర్. బ్యాంకు వాళ్లు సాధారణంగా అడిగేవి ఇవే. చాప్టర్ 7 తర్వాత ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ బీమా ఉన్న) లోన్‌కు మామూలుగా రెండేళ్లు, కన్వెన్షనల్ (ఆ బీమా లేని మామూలు) లోన్‌కు నాలుగేళ్లు ఆగాలి. అందుకని డిశ్చార్జ్ తారీఖు ఒక్క రోజు కూడా తప్పు రాయకండి.

*మీరు అప్పిచ్చినవాళ్లయితే:* షెడ్యూల్ ఈ-ఎఫ్ ముందు తెరవండి. తాకట్టు లేని అప్పుల జాబితా అది, చేబదులు, చీటీ బాకీ కనపడాల్సింది అందులోనే. మీ పేరు, అడ్రస్, మొత్తం సరిగ్గా రాశారా చూడండి. అడ్రస్ తప్పయితే కోర్టు నోటీసులు మీకు చేరవు. తర్వాత "మీటింగ్ ఆఫ్ క్రెడిటర్స్" (అప్పిచ్చినవాళ్ల సమావేశం) నోటీసు దించండి. గడువులన్నీ అందులో ఉంటాయి. మోసం చేసి తీసుకున్న అప్పు మాఫీ కాకూడదని అభ్యంతరం చెప్పడానికి, ఆ మీటింగ్‌కు మొదట పెట్టిన తారీఖు నుంచి 60 రోజులే గడువు. చాప్టర్ 13లో (సంపాదనలోంచి వాయిదాల మీద అప్పు కట్టే రకం), మీకు రావాల్సింది ఇంత అని క్లెయిమ్ వేయడానికి కేసు పడ్డ రోజు నుంచి 70 రోజులు. ఇంకా చాలా టైముంది కదా అనుకుని ఫ్రెండ్ మొహమాటంతో ఊరుకుంటే గడువు దాటిపోతుంది.

*పార్ట్‌నర్ గురించైతే:* ఆస్తుల షెడ్యూల్ ఏ-బీ, "స్టేట్‌మెంట్ ఆఫ్ ఫైనాన్షియల్ అఫైర్స్" చాలు. రెండోదాంట్లో పాత వ్యాపారాలు, ఆస్తుల బదిలీలు, వేరే కోర్టుల్లో కేసులు ఉంటాయి. డాకెట్‌లో "అడ్వర్సరీ" అన్న మాట కనపడితే ఆగండి. దివాలా లోపల నడిచే విడి దావా అది, దానికి వేరే నంబర్ ఉంటుంది.

పబ్లిక్ రికార్డే కదా అని ఈ కాగితాలు వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. పిల్లల స్కూల్ ఫీజులు, మందుల ఖర్చులు కూడా ఉంటాయి వాటిలో.

7. స్టేటస్ సరిగ్గా చదవండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

డిశ్చార్జ్ అంటే మాఫీ ఆర్డర్ వచ్చింది. డిస్మిస్ అంటే కేసు కొట్టేశారు, అప్పులు అలాగే ఉన్నాయి. రెండూ "డి"తో మొదలవుతాయి కాబట్టి తడబడేవాళ్లను చాలామందిని చూశాను.

క్లోజ్ అంటే కోర్టు ఫైలు మూసింది, అంతే. డిశ్చార్జ్ లేకుండానే క్లోజ్ అయ్యే కేసులుంటాయి. డబ్బు నిర్వహణ కోర్సు పూర్తి చేసిన సర్టిఫికెట్ పెట్టడం మరిచిపోతే అలాగే అవుతుంది. మీ సొంత కేసులో ఇలా కనపడితే లోన్‌కు వెళ్లకముందే లాయర్‌ను కలవండి.

కన్వర్టెడ్ అంటే చాప్టర్ మారింది. 13గా మొదలై 7గా ముగిసిన కేసుకు రెండు తారీఖులూ రాసుకోవాలి. జాయింట్ కేసులో భార్యాభర్తలిద్దరికీ డిశ్చార్జ్ వచ్చిందో లేదో విడివిడిగా చూడండి. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు.

ఇల్లు కొనేవాళ్లకు ఒక మాట. అమ్మే ఆయనకు డిశ్చార్జ్ వచ్చినంత మాత్రాన ఇంటి మీద ఉన్న లియెన్ (అప్పు కింద ఇంటి మీద పడ్డ హక్కు) దానంతటది పోదు. దానికి కౌంటీ క్లర్క్ రికార్డులు చూడాలి, అప్పుడు మెకిన్నీ ప్రయాణం దండగ కాదు.

8. పేసర్ వద్దనుకుంటే

దివాలా కోర్టు క్లర్క్ ఆఫీసులో పబ్లిక్ టెర్మినళ్లు (అందరూ వాడుకునే కంప్యూటర్లు) ఉంటాయి. కూర్చుని చూసుకోవడం ఉచితం, ప్రింట్ తీస్తే పేజీకి 10 సెంట్లు. ఫెడరల్ భవనం కాబట్టి ఫొటో ఐడీ పెట్టుకెళ్లండి, సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది.

పెద్ద కంపెనీల చాప్టర్ 11 కేసులకు (వ్యాపారం నడుపుతూనే అప్పులు సర్దుకునే రకం) క్రోల్, ఎపిక్, స్ట్రెట్టో లాంటి సంస్థలు ప్రత్యేక పేజీలు నడుపుతాయి. అక్కడ డాకెట్, కాగితాలు ఉచితం. మీ పాత కంపెనీ జీతం బాకీ పెట్టి దివాలా తీసిందంటే మొదట చూడాల్సింది అక్కడే. కోర్ట్‌లిజనర్ సైట్‌లో ఇతరులు పేసర్ నుంచి దించిన కాపీలు కొన్ని ఊరికే దొరుకుతాయి. మామూలు మనుషుల కేసుల మీద అక్కడ పెద్ద ఆశ పెట్టుకోకండి.

9. సర్టిఫైడ్ కాపీ కావాలంటే

చాలా పనులకు పేసర్ ప్రింటు సరిపోతుంది. పైన నీలి అక్షరాల్లో కేసు నంబర్, తారీఖు పడి ఉన్న పేజీలివ్వండి, వాటిని చూసే అవతలివాళ్లు నమ్ముతారు. ముద్ర కావాలని గట్టిగా అడిగితేనే సర్టిఫైడ్‌కు వెళ్లండి.

క్లర్క్‌కు కేసు నంబర్, డాకెట్‌లో ఆ కాగితం నంబర్, ఎన్ని కాపీలు కావాలో రాసి పంపాలి. 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం సర్టిఫికేషన్‌కు 12 డాలర్లు, కాపీకి పేజీకి 50 సెంట్లు. రెండు పేజీల డిశ్చార్జ్ ఆర్డర్‌కు 13 డాలర్లన్నమాట. పంపే ముందు ఫోన్ చేసి మొత్తం ఎంతో, ఎలా కట్టాలో అడగండి. లెక్క తప్పితే కవరు వెనక్కొస్తుంది. నంబర్ లేకుండా "ఈ పేరు మీద వెతికిపెట్టండి" అంటే పేరుకు 34 డాలర్లు. నాలుగో మెట్టులో పది సెంట్లకు అయ్యే పని అది.

ఇండియాలో చూపించడానికి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) కావాలంటే ఆ కాపీని టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్‌కు పంపకండి. వాళ్లు రాష్ట్ర కాగితాలకే వేస్తారు, ఇది ఫెడరల్ కాగితం. కాపీ అడిగేటప్పుడే కోర్టు క్లర్క్‌ను ఆ సంగతి అడగండి.

10. కేసు చాలా పాతదైతే

2000కు అటూ ఇటూ కోర్టులు ఎలక్ట్రానిక్ పద్ధతికి మారాయి. అంతకు ముందు ఫైళ్లు కాగితమే, నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల గోదాముల్లో డబ్బాల్లో ఉంటాయి. గడువు తీరినవాటిని కొన్నింటిని నాశనం చేసేశారు కూడా.

ముందు కోర్టు క్లర్క్‌ను అడిగి మూడు నంబర్లు తీసుకోండి: ట్రాన్స్‌ఫర్ నంబర్, బాక్స్ నంబర్, లొకేషన్ నంబర్. వాటితో నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో కాపీలు ఆర్డర్ చేయొచ్చు. మూడింట్లో ఏది తప్పినా డబ్బా దొరకదు కాబట్టి ఫోన్‌లో రాసుకున్నవి మళ్లీ చదివి వినిపించండి. కోర్టే తెప్పించిపెట్టాలంటే మొదటి డబ్బాకు 70 డాలర్లు. ఫైలు నాశనమైపోయిందని క్లర్క్ చెబితే, ఆ మాటే రాతపూర్వకంగా అడిగి తీసుకుని, కేసు వివరాలున్న పాత డాకెట్ షీట్ ఏమైనా మిగిలిందేమో కూడా అప్పుడే కనుక్కోండి. లోన్ ఆఫీసర్‌కు ఉత్త చేతులతో వెళ్లడం కన్నా ఆ ఉత్తరం పట్టుకెళ్లడం నయం.